ఒకటో నంబరు లాడ్జి

ఆ రోజుకు తాండ్రపేట మున్సిపల్ చైర్మన్ శ్యాంసుందర్‌రావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదికి పూజ, పదకొండుకు కౌన్సిల్ మీటింగు, పదకొండుంబావుకు తీర్మానం, పన్నెండు కాకముందే ఇంటికి రావడం. ఇందులో పన్నెండన్నదే అసలైన మాట. మార్చి నెలాఖరు ఎండకు మున్సిపల్ ఆఫీసు ముందరి సిమెంటు గచ్చు పన్నెండు దాటితే పెనంలా కాలుతుంది. చైర్మన్‌గారి కాళ్లకేమో చెప్పులు లేవు.

చెప్పులు కొనలేక కాదు. ఊరి చుట్టూ ఆయనకు నూరెకరాల పొలం, పద్నాలుగు అర్రల ఇల్లు ఉన్నాయి. పది నెలల కింద, ఎనభై ఎనిమిది మే నెలలో, ఊళ్లో నీళ్ల ట్యాంకు ప్రారంభించడానికి హైదరాబాదు నుంచి మంత్రి వచ్చాడు. చీకటి పడుతుండగా రాత్రి బసకు మంచిర్యాలకు బయల్దేరుతూ, "ట్యాంకు కట్టుకున్నారు గానీ, వచ్చినవాడు తల వాల్చడానికి ఒక్క లాడ్జి కట్టుకోలేదేమయ్యా" అని మైకులోనే నవ్వాడు. జనం కూడా నవ్వారు. తన ఊరివాళ్లే తన ముందర నవ్వడం శ్యాంసుందర్‌రావుకు మండింది. వేదిక మీదనే చెప్పులు విడిచి, మైకు లాక్కున్నాడు.

"మంత్రిగారు మా ఊర్ల ఒక నిద్ర చేసేదాక నేను కాళ్లకు చెప్పులు తొడగ" అన్నాడు.

ఆ ప్రాంతంలో నిద్ర చేయడమంటే ఊరికే పడుకోవడం కాదు. వచ్చిన మనిషి ఆ ఇంట్లో తిని, ఒక రాత్రి ఉండి, తెల్లారి పోతేనే చుట్టరికం నిలిచినట్టు. అందుకే చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్ల సందడిలో వేదిక మీద విడిచిన చెప్పులను ఎవరో తొడుక్కుపోయారు. భార్య ప్రమోదిని కరీంనగర్‌లో ఆయన కాలి కొలతిచ్చి మంచి కిర్రు చెప్పులు కుట్టించి తెచ్చింది. వాటిని తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టి, ప్రతి శుక్రవారం తీసి నూనె రాసి మళ్లీ పెట్టేది. శ్యాంసుందర్‌రావు అప్పుడప్పుడు బీరువా తెరిచి వాటిని చూసుకుని, నిట్టూర్చి మూసేవాడు. వానాకాలం బురద, చలికాలం పగుళ్లు ఓర్చుకున్నాడు గానీ, మళ్లీ ఎండలు మొదలయ్యేసరికి ఆయన పౌరుషం అరికాళ్ల నుంచి కరగడం మొదలైంది.

ఆయన ఆశలన్నీ హనుమండ్లు మీద ఉన్నాయి. హనుమండ్లు దుబాయిలో ఒక పెద్ద హోటల్లో ఎనిమిదేండ్లు పక్కలు సర్ది వచ్చినవాడు. తువ్వాలును హంసలా మడిచి మంచం మీద పెట్టడం వచ్చిన ఏకైక తాండ్రపేట పౌరుడు. బస్టాండు ఎదురుగా జాగా కొని, లాడ్జికి పునాది తీశాడు. అయితే ఐదేండ్లు ఇంటిపన్ను మాఫీ చేస్తేనే గోడలు లేపుతానని కూర్చున్నాడు. శ్యాంసుందర్‌రావు వెంటనే ఒప్పుకున్నాడు. పది అర్రలకు తగ్గకుండా లాడ్జి కట్టినవారికి ఐదేండ్లు పన్ను లేదని తీర్మానం రాయించాడు. ఇక కౌన్సిల్లో చదివి చేతులెత్తించడమే మిగిలింది.

ఆ చదవడం దగ్గరే కథ అడ్డం తిరిగింది. ఎదురుపక్షం కౌన్సిలర్ నాగయ్య అంగళ్లలో ఎడ్ల బేరాలు చేసి పెరిగినవాడు. ఏ అంకె చెవిన పడ్డా దాన్ని సగానికి దించకుండా ఆయనకు అన్నం సహించదు. పది అనగానే లేచి నిలబడ్డాడు.

"పదర్రలు కట్టెటోడు ఊర్ల ఒక్కడే ఉన్నడు చైర్మన్ సాబ్. ఒక్కని కోసం కానూన్ చేస్తరా? మూడు పెట్టుండ్రి."

"మూడర్రలది లాడ్జి ఎట్లయితది నాగయ్యా? పోనీ, ఎనిమిది."

నాగయ్య మూడు మీదినుంచి కదలలేదు. చైర్మన్ ఎనిమిది నుంచి ఏడుకు, ఏడు నుంచి ఆరుకు దిగాడు. మిగతా కౌన్సిలర్లు అంగట్లో కోడెదూడ చుట్టూ మూగినట్టు మూగి, ఇటు ఒక మాట అటు ఒక మాట అందించారు. గోడ గడియారం పదకొండు యాభై చూపించింది. శ్యాంసుందర్‌రావు చూపు గడియారం మీదినుంచి కిటికీ మీదికి, కిటికీలోంచి తెల్లగా మెరుస్తున్న సిమెంటు గచ్చు మీదికి పోయింది. బేరగాడికి ఎదుటివాడి తొందర ఇట్టే తెలిసిపోతుంది. నాగయ్య తీరిగ్గా కూర్చుని ఒక బీడీ వెలిగించాడు.

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా చైర్మన్ మూడుకు ఒప్పుకున్నాడు. అప్పుడు నాగయ్య రెండో బేరం తీశాడు. "కట్టెటోళ్లకేనా మాఫీ? ముందుగాల్నే కట్టుకున్నోళ్లు ఏం పాపం చేసిన్రు? వాళ్లను గూడ కలుపుండ్రి."

"కలుపుండ్రయ్యా, కలుపుండ్రి" అని శ్యాంసుందర్‌రావు సంతకం పెట్టేసి బయటికి పరుగెత్తాడు. అయినా అప్పటికే పన్నెండూ పది. చైర్మన్‌గారు గచ్చు మీద ఎగురుకుంటూ జీపు దాకా పోవడం ఆఫీసు కిటికీల్లోంచి అందరూ చూశారు. తీర్మానంలో ఏం రాసి ఉందో మాత్రం ఎవరూ సరిగ్గా చూడలేదు.

చూసింది లింగవ్వ. ఆమెకు చదువు రాదు. కొడుకు మస్కట్లో ఉంటాడు. మర్నాడు పొద్దున ఇంటిపన్ను కోసం వచ్చిన బిల్ కలెక్టర్ మొండయ్య మాటల్లో ఈ సంగతి చెప్పాడు. పన్ను కట్టే మాట పక్కన పెట్టి, ఆమె ఆ చెప్పిందే మూడుసార్లు చెప్పించుకుంది. తర్వాత ఆయనను ఇంట్లోకి పిలిచి తన లాడ్జి చూపించింది. ముందర్ర ఒకటి, వెనకర్ర రెండు, కొట్టం మూడు.

"కొట్టంల బర్రె ఉన్నది గదవ్వా" అన్నాడు మొండయ్య.

"ఉన్నది. ఆ రూము ఖాళీ లేదు" అంది లింగవ్వ.

మొండయ్య పరేషానై కమిషనర్ దగ్గరికి పోయాడు. కమిషనర్ రూల్సు తప్ప వేరే దేవుడు లేని మనిషి. తీర్మానం రెండుసార్లు చదివి, అర్రంటే నాలుగు గోడలు, పైకప్పు ఉండాలని మాత్రమే తేలుతున్నదనీ, లోపల ఎవరుండాలో రాయలేదనీ తేల్చాడు. కొత్త రిజిస్టర్ తెప్పించి, మొదటి పేజీలో లాడ్జి నంబరు ఒకటి, యజమాని లింగవ్వ అని తానే రాశాడు.

ఆ తర్వాత పదిహేను రోజులు తాండ్రపేటలో బోర్డులు రాసేవాడికి అన్నం తినే తీరిక దొరకలేదు. కొడుకులు ఏ దేశంలో ఉంటే ఆ పేరు పెట్టుకున్నారు జనం. ఒకే గల్లీలో మస్కట్ లాడ్జి, దుబాయి లాడ్జి, బహ్రెయిన్ లాడ్జి వెలిశాయి. కొడుకు నస్పూర్ బొగ్గుబాయిలో పనిచేస్తున్న బాలవ్వ మాత్రం ఎవరికీ తీసిపోకుండా నస్పూర్ లాడ్జి అని రాయించింది. రెండర్రలున్నవాళ్లు మధ్యలో తడిక కట్టి మూడు చేశారు. ప్రతి లాడ్జిలో వచ్చిపోయేవాళ్ల పుస్తకం ఉండాలని కమిషనర్ అనడంతో, ఇంటికొచ్చిన చుట్టాల పేర్లన్నీ అందులోకి ఎక్కాయి. వచ్చిన పని అన్న గడిలో ఒకచోట 'ఊరికె' అనీ, ఒకచోట 'మొగనితోని అలిగి' అనీ రాసి ఉండేది.

మొండయ్య రోజూ రశీదు పుస్తకం సంచీలో పెట్టుకుని బయల్దేరేవాడు. పోయిన ఇంటల్లా ఆయన్ని కూర్చోబెట్టి చాయ పోసి, బోర్డు చూపించి పంపేవాళ్లు. సాయంత్రానికి పన్ను పైసా రాకపోగా, ఇరవై చాయలు తాగి నిద్రపట్టక, ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. నెల తిరిగేసరికి ఊళ్లో పన్ను కట్టాల్సిన పదహారు వందల ఇళ్లలో పదమూడు వందల పన్నెండు లాడ్జీలయ్యాయి. మిగతా వాళ్లు తడికల కోసం వెదురు దొరక్క ఆగారు.

చైర్మన్ ఇంటికి మాత్రం బోర్డు లేదు. పద్నాలుగు అర్రలున్నాయి గదా, మనమూ పెడితే పోలేదా అని ఆయన ఒకసారి అనబోతే, లాడ్జి అని బోర్డున్న ఇంట్లో తన అన్నదమ్ములు నిద్ర చేస్తారా అని ప్రమోదిని అడిగింది. పన్ను మాఫీ తెచ్చిన మనిషి ఏటి పన్ను మొత్తం నిండా కట్టేసి రశీదు తీసుకున్నాడు. ఆ ఏడు మొండయ్య చింపిన మొదటి రశీదు అదే.

అన్నిటికంటే పెద్ద దెబ్బ హనుమండ్లు కొట్టాడు. గోడలు కిటికీల ఎత్తుకు లేచాక పని ఆపించి, చైర్మన్ ఇంటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దుబాయిల గూడ ఇన్ని లాడ్జీలు లేవు చైర్మన్ సాబ్. గిన్నిట్ల ఇంకోటి కడితే నన్ను పిచ్చోడంటరు."

శ్యాంసుందర్‌రావుకు కొంప మునిగిందని అప్పుడు అర్థమై, తీర్మానం రద్దు చేయడానికి కౌన్సిల్‌ను పిలిచాడు. రద్దుకు ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తమంటే ఒక్క చెయ్యీ లేవలేదు. ఇరవై మంది కౌన్సిలర్లకూ తలా ఒక లాడ్జి ఉంది. నాగయ్యకైతే కొట్టాలతో కలిపి రెండు. ఊరికోసం పెట్టిన పథకాన్ని నడి ఎండలో వదిలేస్తారా అని నాగయ్యే ఎదురడిగాడు. నడి ఎండ మాట వినగానే చైర్మన్ అరికాళ్లు వాటంతటవే మండాయి. ఆ పూట ఇంటికొచ్చి ఆయన బీరువా తెరిచి చెప్పుల ముందు చాలాసేపు కూర్చున్నాడు. తాను బతికుండగా వాటిలో కాలు పెట్టే యోగం లేదని ఆయనకు నిజంగానే అనిపించి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రమోదిని చూసి, వేపనూనె తెచ్చి ఆయన పగుళ్లకు రాసింది.

ఇంతలో కమిషనర్ తన పద్ధతి ప్రకారం మూడు నెలల నివేదిక పైకి పంపాడు. అందులో ఊళ్లోని లాడ్జీల సంఖ్య అనే గడి ఒకటుంటుంది. ఇదివరకు సున్నా ఉండేది, ఈసారి పదమూడు వందల పన్నెండు అని రాశాడు. పైవాళ్లు టైపు తప్పనుకుని టెలిగ్రాం కొట్టారు. అంకె సరైనదే అని కమిషనర్ తిరుగు టెలిగ్రాం కొట్టాడు. ఆ కాగితం ఒక బల్ల మీదినుంచి ఇంకో బల్లకు ఎక్కుతూ మంత్రిగారి బల్ల చేరింది. ఒక్క తీర్మానంతో బొగ్గుగనుల పక్కన ఇంత లాడ్జీల నగరం లేచిందా అని ఆయన నోరు తెరిచాడు. పన్ను రాయితీతో లాడ్జీలు పెంచడమెలాగో నేర్చుకోవడానికి రాష్ట్రంలోని మున్సిపల్ నాయకులంతా తాండ్రపేటలోనే ఒక పగలు, ఒక రాత్రి ఉండాలని ఆజ్ఞ వేశాడు.

ఉత్తరం మే మూడోవారంలో వచ్చింది. నాలుగు వందల మంది చైర్మన్లు, కౌన్సిలర్లు వస్తారు. మంత్రిగారే అధ్యక్షత వహిస్తారు. కింద ఒక వరుసలో 'రాత్రి బస: తాండ్రపేట' అని ఉంది. శ్యాంసుందర్‌రావు ఆ వరుసను ఐదుసార్లు చదివాడు. ఇంట్లోకి పరుగెత్తి, చెప్పులకు ఇంకొంచెం నూనె పట్టించమని భార్యకు చెప్పాడు. ఆ సంబరంలో ఆరోసారి చదివితే, ఆ వరుస పక్కనే ఇంకో ముక్క కనబడింది. 'లాడ్జి నంబరు 1.'

ఆయన జీపు నేరుగా లింగవ్వ గడపలో ఆగింది. వెనకనే కమిషనర్ వచ్చాడు. మంత్రిగారిని తన ఇంటికి మార్చుకుంటానని శ్యాంసుందర్‌రావు బతిమాలితే, మీ ఇల్లు లాడ్జి కాదు, పన్ను కట్టిన రశీదు కూడా ఉంది అని కమిషనర్ తల అడ్డంగా ఊపాడు. పథకంలో పుట్టిన మొదటి లాడ్జిలోనే పడుకుంటానని మంత్రిగారు స్వయంగా రాయించారట. ఇక మిగిలింది లింగవ్వను ఒప్పించడమే. ఆమెకు మంత్రి వస్తున్నాడంటే భయమూ వేయలేదు, మురిపెమూ కలగలేదు.

"రమ్మనుండ్రి. ఎవ్వలి కొడుకో పాపం, ఇల్లిడిచి ఊరూరు తిరుగుతుండు. గింత బువ్వ పెట్టనా?" అంది.

"అది గాదు లింగవ్వా. జర బర్రెను వేరేకాడ కట్టేస్తే మంచిగుంటది."

"అదెట్ల పోతది? రిజిస్టర్ల దాని రూమున్నది గదా" అంది లింగవ్వ. కమిషనర్ రిజిస్టర్ తెరిచి చూసి, నిజమేనన్నాడు.

ఆ పది రోజులు శ్యాంసుందర్‌రావు కాళ్లకు ఎండ తెలియలేదు. లింగవ్వ ఇంటికి సున్నం వేయించాడు, కొత్త నులకమంచం తెప్పించాడు. హనుమండ్లు వచ్చి దుబాయి పద్ధతిలో పక్క సర్ది, తువ్వాలును హంసగా మడిచి మంచం మధ్యలో నిలబెట్టాడు. అతను అటు పోగానే లింగవ్వ దాని మెడ పట్టి దులిపి, చెయ్యి తుడుచుకునే గుడ్డతో గిదేం వేషమని దండెం మీద వేసింది.

అనుకున్న రోజు నాలుగు వందల మంది నాయకులు బస్సుల్లో దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లాడ్జి నంబరు చీటీ ఉంది. చీటీ పట్టుకుని పోయినవాళ్లకు ఎక్కడా కౌంటరూ తాళంచెవీ కనబడలేదు. ఇంటావిడ చెంబుతో నీళ్లిచ్చి, ఏ ఊరు, ఎవరి కొడుకువు, పిల్లలెందరు అని అడగడం కనబడింది. లాడ్జికి కిరాయి ఎంత అడగాలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తిన్నవాణ్ని పైసలడిగితే ఏడుతరాలు తలెత్తుకోలేమన్నది మాత్రం అందరికీ తెలుసు. అందుకని జొన్నరొట్టెలు, కోడికూర, పచ్చిపులుసు పెట్టి, తినకుంటే అలిగి కూర్చున్నారు. బాలవ్వ లాడ్జికి పోయిన చిత్తూరు చైర్మన్‌ను ఆమె మధ్యాహ్నానికల్లా తమ్మీ అనడం మొదలుపెట్టింది. దుబాయి లాడ్జిలో దిగినవాళ్లు పెండ్లి సంబంధమొకటి ఖాయం చేసుకున్నారు. మూడు గంటలకు సదస్సు పందిట్లో మంత్రి లేచి చూసేసరికి నాలుగు వందల కుర్చీల్లో పదకొండు మంది ఉన్నారు. మిగతావాళ్లంతా తిన్నది అరగక లాడ్జీల్లో పండుకున్నారు. అది చూసి మంత్రి కోప్పడలేదు. లాడ్జీల సేవ ఇంత గొప్పగా ఉన్న ఊరు తాను చూడలేదని ఆ పదకొండు మందికే ప్రసంగించాడు.

సాయంత్రం మంత్రి లింగవ్వ ఇంటికి వచ్చి, నల్లగా మెరిసే బూట్లు గడప బయట విడిచాడు. లింగవ్వ కాళ్లు కడుక్కోను నీళ్లిచ్చింది. మూడు రొట్టెలు, బర్రె పెరుగు తిన్నాడు. మూడో రూములోంచి బర్రె ఒకసారి అరిస్తే, పక్క గదిలో ఎవరున్నారని అడిగాడు. చాలా రోజుల్నుంచి ఉంటున్నారని కమిషనర్ జవాబిచ్చాడు. వాకిట్లో మంచం వేయించుకుని మంత్రి ఒరిగాడు గానీ, కళ్లు మూయలేదు. పదకొండేండ్లుగా మాత్ర వేసుకుంటే తప్ప నిద్రపట్టదనీ, ఆ మాత్రలు మంచిర్యాల గెస్టుహౌసులో సామానుతో ఉండిపోయాయనీ, పట్టకపోతే లేచి కారులో పోవాల్సి వస్తుందేమోననీ మెల్లగా అన్నాడు.

శ్యాంసుందర్‌రావు ఏడాది పాటు కాళ్లు కాల్చుకున్నది ఈ ఒక్క నిద్ర కోసం. ఈ మనిషి నడుమ లేచి కారెక్కాడంటే అంతా పోయినట్టే. ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే గడప బయట బూట్లు కనబడ్డాయి. బూట్లు లేని మంత్రి ఎక్కడికి పోతాడు? చెప్పుల్లేకుండా పోవడమెంత కష్టమో ఆయన కంటే బాగా తెలిసినవాడు ఆ జిల్లాలో లేడు. చుట్టూ చూసి, బూట్లు రెండూ చంకలో పెట్టుకుని, కొట్టంలో గూట్లో దాచాడు. తెల్లారగానే మళ్లీ తెచ్చి ఉన్నచోట పెట్టాలన్నది ఆయన ఆలోచన. ఆ రాత్రి సంగతి ఇంకేమీ లేదు. మంత్రి పడుకున్నాడు, ఎదురింటి అరుగు మీద చైర్మన్ పడుకోలేదు.

తెల్లారింది. ఆరయింది, ఏడయింది, ఎనిమిదయింది. మంత్రి ఒళ్లెరగకుండా నిద్రపోతున్నాడు. లింగవ్వ పోసిన పెరుగు మహిమో, వాకిట్లో గాలి మహిమో, పదకొండేండ్ల బాకీ నిద్రంతా ఒకేసారి ముంచుకొచ్చింది. ఊరంతా గల్లీలో గుమిగూడింది. బ్యాండు మేళం వచ్చింది. ప్రమోదిని పట్టుచీర కట్టుకుని, పెద్ద ఇత్తడి పళ్లెంలో కిర్రు చెప్పులు పెట్టి, వాటికి పసుపు కుంకుమ అద్ది, చుట్టూ బంతిపూలు పేర్చి తెచ్చింది. శ్యాంసుందర్‌రావు ఆ పళ్లెం వైపు చూశాడు. ఆయన పెండ్లిలో కూడా అంత ఆశగా పెండ్లిపీటల వైపు చూడలేదు. ఆ సందడిలో బూట్ల సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

తొమ్మిదింటికి మంత్రి లేచి కూర్చున్నాడు. ముఖం కడుక్కుని జనం ముందుకొచ్చాడు.

"మా అమ్మ పోయాక ఇలా నిద్రపోలేదండీ నేను. ఈ ఊరికి ఏం చేసినా తక్కువే. ఇంటింటా లాడ్జి నడుపుతున్న మీకు పరిశ్రమ హోదా ఇస్తున్నాను" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. హోదా అంటే ఏమిటో ఆయనే సంతోషంగా వివరించాడు. వచ్చే నెల నుంచి ప్రతి లాడ్జికి దుకాణాల రేటు కరెంటు మీటరు పెడతారు. ఏటేటా లైసెన్సు ఉంటుంది. అర్రకింత అని గదిపన్ను ఉంటుంది. వచ్చినవాళ్ల పేర్లు రోజూ పోలీస్ ఠాణాలో రాయించాలి. ఒక్కో సౌకర్యం చెబుతున్నకొద్దీ చప్పట్లు పలచబడుతూ వచ్చి, పోలీసు ఠాణా దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. వెనకవరుసలో నాగయ్య కనబడలేదు. కాసేపటికి ఆయన గల్లీ వైపునుంచి బోర్డు పెరికిన చప్పుడు వినబడింది.

మంత్రి అదేమీ గమనించక గడప దగ్గరికి వచ్చి బూట్ల కోసం చూశాడు. లేవు. అందరూ వెతకడం మొదలుపెట్టారు. శ్యాంసుందర్‌రావుకు అప్పుడు గుర్తొచ్చి, కొట్టంలోకి దూరాడు. గూట్లో ఒక బూటుంది. రెండోది మూడో రూములో దిగిన బర్రె నోట్లో ఉంది. అది కళ్లు సగం మూసుకుని తీరిగ్గా నమిలింది ఎంతసేపట్నుంచో గానీ, మడమ తప్ప ఏమీ మిగల్లేదు. దాచింది తానేనని చెప్పడమెలా? ఒట్టి చేతులతో బయటికొచ్చి, దొరకలేదని తల ఊపాడు.

అప్పుడు మంత్రి చూపు ప్రమోదిని చేతిలోని పళ్లెం మీద పడింది. పసుపు కుంకుమలు, బంతిపూలు, నడుమ నూనెతో నిగనిగలాడే కొత్త చెప్పులు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"బూట్లు పోతాయని ముందే తెలిసినట్టు, అతిథికి చెప్పులు కూడా సిద్ధం చేశారా తల్లీ" అన్నాడు.

ప్రమోదిని భర్త ముఖం చూసింది. అతిథి నోరు తెరిచి ఆశపడ్డదాన్ని కాదనడం వాళ్లింటా వంటా లేదు. కాదంటే బూట్ల సంగతి బయటపడుతుంది. శ్యాంసుందర్‌రావు మెల్లగా తల ఊపాడు. ప్రమోదిని పళ్లెం కిందికి దించింది. చెప్పులు మంత్రిగారి కాళ్లకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. బ్యాండువాళ్లు చైర్మన్‌గారి కోసం నేర్చుకున్న పాట మొదలుపెట్టారు. కిర్రు కిర్రుమంటూ మంత్రి కారు దాకా నడిచాడు. ఏడాదిగా తాను వినాలనుకున్న చప్పుడు ఆరడుగుల దూరంలో పోతుంటే శ్యాంసుందర్‌రావు వెనకనే వట్టి కాళ్లతో నడిచాడు. కారు అద్దం దించి మంత్రి ఆయన భుజం తట్టాడు.

"మీ ఒట్టు తీరిందిగా రావుగారూ. ఇక మీరు హాయిగా చెప్పులు తొడుక్కోవచ్చు" అన్నాడు.

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి తాండ్రపేటలో చూద్దామన్నా ఒక్క లాడ్జి లేదు. బోర్డులు కోళ్లగూళ్లకు తలుపులయ్యాయి. లింగవ్వ తనదాన్ని బర్రె కుడితి తొట్టి మీద మూతగా పెట్టుకుంది. తమది ఇల్లేనని రుజువు కావాలంటే పన్ను రశీదొక్కటే దారి అని కమిషనర్ అనడంతో, మున్సిపల్ ఆఫీసు ముందు మూడు వరుసల్లో జనం నిలబడ్డారు. మొండయ్య రశీదులు చింపి చింపి బొటనవేలు వాచిపోయినా, మనసు నిండి నవ్వుతూనే ఉన్నాడు. సాయంత్రం కౌన్సిల్ కూర్చుని మాఫీ తీర్మానాన్ని రెండు నిమిషాల్లో రద్దు చేసింది. నాగయ్య జీవితంలో మొదటిసారి బేరం చేయకుండా చెయ్యెత్తాడు. ఊళ్లో లాడ్జి ఒక్కటీ లేదని తెలిసి హనుమండ్లు మర్నాడే మేస్త్రీలను పిలిచాడు. తర్వాత ఏడాది పదర్రల లాడ్జి లేచింది. అందరికంటే ముందు మాఫీ అడిగిన మనిషి, అందరికంటే ఎక్కువ పన్ను కట్టాడు.

లాడ్జి రిబ్బను కత్తిరించడానికి శ్యాంసుందర్‌రావు మామూలు హవాయి చెప్పులు తొడుక్కుని వచ్చాడు. కిర్రు చెప్పులు మళ్లీ కుట్టించడానికి ప్రమోదిని ఒప్పుకోలేదు. గుమ్మం పక్క గోడ మీద హనుమండ్లు రంగుతో నియమాలు రాయించాడు. చైర్మన్ ఆగి మొదటిది చదివాడు, చెప్పులు విప్పబోయినవాడు మళ్లీ గట్టిగా తొడుక్కుని లోపలికి నడిచాడు.

'ఒకటి. చెప్పులు బయట విడువరాదు.'